ముదిసిన పెంపుడుకుక్కకు తుదియేర్పాటు

మన భాషలో "కుక్కచావు" అను మాట యొకటి కలదు. దిక్కులేక, చెంత మనిషి లేక, తుదిసంస్కారమునకు నోచుకొనక పోయినవానిని గూర్చి జనులు "కుక్కచావు చచ్చినాడు" అందురు. ఆ మాట మనుష్యుని దుర్గతిని చెప్పుచున్నట్లు కనబడును గాని, దానికి మూలమైనది కుక్క దుర్గతియే. కుక్కకు దిక్కులేని చావే సహజమని జనులు తరతరములుగ చూచినారు. చూచినదానిని మాటలో నిలిపినారు. వీథికుక్కల సంగతి యట్లుండనిండు. పది పండ్రెండేండ్లు మన గడపలో కావలియున్న కుక్కకు సహితము ఆ గతియే పట్టవలెనా, పట్టకుండుటకు మనము ముందుగా చేసికొనవలసిన యేర్పాటు లెవ్వి, అనునది నేటి ప్రసంగవిషయము.

"మనుష్యులకే నీరు చాలని అనంతపురము సీమలో కుక్కను దహించుటను గూర్చి ప్రసంగమా?" అని కొంద ఱడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. కాని నీరు చాలని సీమ గనుకనే ఈ ప్రసంగ మవసరమైనది. ఇచ్చట నేలకు లోతు లేదు, కట్టె చౌక గాదు, నీ రరుదు, ఎండ మిక్కుటము. ఈ నాలుగును కూడినచోట, చనిపోయిన జంతువు నేమి చేయుదుమను ప్రశ్నకు అది చనిపోయిననాడు సమాధానము దొరకదు. అది బ్రతికియున్ననాడే వెదకి యుంచుకొనవలెను. నేను చెప్పదలచిన దంతయు ఈ యొక్క మాటయే; తక్కినది దాని వివరణము.

మొదట మన నేలను చూతము. పడమటికనుమల చాటున నుండుటచే నైఋతి ఋతుపవనము తన నీటిలో మిగులభాగము నచ్చటనే విడిచి మనలను చేరును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమును తడిపి, మనయొద్దకు వచ్చుసరికి డస్సియుండును. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మన పాలికి వచ్చును. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన పాత జిల్లా విడివడి, పుట్టపర్తి ముఖ్యస్థానముగ శ్రీ సత్యసాయి జిల్లా యేర్పడినది. జిల్లాలు రెండైనను నేల యొక్కటియే: పైన పలుచని ఎఱ్ఱమన్ను, దానిక్రింద గరుసు, దానిక్రింద గట్టి ఱాయి. నల్లరేగడి యున్న యూళ్లు కొన్ని కలవు గాని అవి తక్కువ.

ఈ నేలమీద కుక్క వినోదమునకు పెంచు జంతువు మాత్రమే కాదు. గొఱ్ఱెల మందలు వెంబడి కొండగుట్టలు తిరుగు కాపరికి తోడేళ్ల రాకను మొదట తెలుపునది కుక్కయే. వేరుశనగ చేనిలో అడవిపందులను అదలించునది కుక్కయే. కల్లములో రాసి యున్నన్నాళ్లు రాత్రికావలి దానిదే. ఈ కాలమున దానికి మఱియొక కొలువు కూడ వచ్చినది. వానలు లేని యేండ్లలో కొడుకులు, కోడండ్రు పనికై బెంగుళూరు చేరుదురు. ఊరిలో ముసలి తలిదండ్రులు మిగులుదురు. ఆ యింట ప్రొద్దున లేచి మాటాడుటకు, సందెవేళ రెండు ముద్దలు పెట్టుటకు, రాత్రి తలుపుకడ నున్నదన్న ధైర్యమునకు కుక్కయే తోడు. ఆ కుక్క ముదిసి కన్నుమూసిన నాడు దానిని మోసికొనిపోవుటకు ఆ యింట శక్తి గలవా డుండడు. పాతిక కిలోల బరువు ఎత్తుట డెబ్బదియేండ్ల వృద్ధునికి సాధ్యమా? గరుసునేలలో నాలుగడుగుల గుంత త్రవ్వుట సాధ్యమా? తుద కేమగును? ఎవనికో నూఱు రూపాయ లిచ్చి "ఎక్కడనైన పాఱవేసి రమ్ము" అనవలసివచ్చును. పండ్రెండేండ్ల స్నేహము ఆ యొక్కమాటతో ముగియుట ఆ వృద్ధునికి కుక్క చావుకంటె నెక్కువ బాధ.

పూర్వము పాఱవేసిన మాత్రమున హాని యంతగా లేకుండెను. ఊరిబయట పడవేసిన కళేబరమును రాబందులు కొలదిగంటలలో ఎముకలుగ మిగిల్చెడివి. 1990 ప్రాంతమునుండి ఆ పక్షులు వేగముగ నశింపజొచ్చినవి. పశువులకు నొప్పులు తగ్గుట కిచ్చు డైక్లోఫెనాక్ అను మందు కళేబరములలో నిలిచి, వానిని తిన్న రాబందుల మూత్రపిండములను చెఱచుచున్నదని 2004లో తేలినది. 2006లో మనదేశమున పశువైద్యమం దా మందును నిషేధించిరి. అప్పటికే మూడుజాతుల రాబందులు నూటికి తొంబదియైదు పాళ్లకు పైగా అంతరించినవి. నేడు మన యూరిబయట పడవేసిన కళేబరమునకు వచ్చునవి రాబందులు కావు, వీథికుక్కలు. అవి దానిని చీల్చి వీథులలోనికి ఈడ్చుకొనివచ్చును. కావున "మన తాతలు చేసినట్లే చేయుదము" అనుటకు వీలులేదు. తాతలకు తోడ్పడిన పక్షి మనకు లేదు.

వంకలో పడవేయుట మఱియొక యలవాటు. ఏడాదిలో అధికభాగము ఎండియుండు వంకను చూచి, అది నీటిదారి యను సంగతిని మఱచుచున్నాము. 2022వ సంవత్సరము అక్టోబరులో పండమేరు పొంగి అనంతపురము నగరశివారు కాలనీలను ముంచినది మనకందఱకును ఎఱుకయే. వంక యొక్కరాత్రిలో ఏరగును. వంకలోనిది చెఱువు చేరును. పాడుబడిన బావిలో పడవేయుట దానికంటె కీడు. మన ఱాతినేలలో నీరు ఱాతిపగుళ్లవెంట సాగును. పాడుబావిలోని మాలిన్యము ఎవరి బోరులో తేలునో చెప్పజాలము. ఫ్రాన్సు దేశమునను ఇట్టి చిక్కే కలిగినది. పారిసు ప్రజలు చచ్చిన కుక్కలను సేన్ నదిలో విసరుచుండగా, 1898లో అచ్చట శాసనము చేసిరి: నివాసములకు నూఱు మీటర్ల యెడముగ, పైన మీటరు మన్నుండునట్లు పాతవలెనని. మఱుసటి యేడు, అనగా 1899లో, ఆ నగరము చెంత ఆనియేర్ అనుచోట కుక్కల శ్మశానవాటిక వెలసినది. ఆ గౌరవమునకు దారితీసినది నదీజలరక్షణమే యని గమనింపుడు.

కుక్కకు తుదిగౌరవము చేయుట పాశ్చాత్యులనుండి వచ్చిన వింత యని తలంచువారును కలరు. అది సరికాదు. కాశ్మీరమున బూర్జహోమ్ అనుచోట నవీనశిలాయుగమునాటి జనులు కుక్కలను మనుష్యులతోపాటు పాతినట్లు త్రవ్వకములలో బయల్పడినది. ఋగ్వేదమున యముని త్రోవను కాచునవి సరమాపుత్రులైన రెండు శునకములు. వైశ్వదేవము చేయు గృహస్థు శునకములకు నన్న ముంచవలెనను విధి కలదు. భారతకథకు తొలిపుటలలోనే సరమ తన బిడ్డను అకారణముగ కొట్టినవారిని నిలదీయును. తుదిపుటలలో ధర్మరాజు తన వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని నిలుచును.

మన సరిహద్దులకు చేరువనే ఱాతిసాక్ష్యములును కలవు. తమిళదేశమున తిరువణ్ణామలై ప్రాంతమునందలి ఎడుత్తనూరు వీరగల్లుమీద 7వ శతాబ్దిలో దొంగల నెదిర్చిన వీరుని ప్రక్కనే అతని కుక్కను చెక్కి, "కోవివన్" అను దాని పేరును వ్రాసినారు. కర్ణాటకమున మండ్య జిల్లాలోని ఆతకూరు శాసనము క్రీ.శ. 949–50 నాటిది. రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడు తన పక్షమున పోరాడిన మణలేరుని మెచ్చి కోరిక కోరుకొమ్మనగా, ఆతడు "కాళి" అను వేటకుక్కను కోరుకొనెను. ఆ కుక్క ఒక పెద్ద పందితో పోరి, పందిని చంపి తానును చచ్చినది. మణలేరుడు దానిపేర ఱాయి నిలిపి, ఆ ఱాతి పూజకై భూమి నేర్పఱచెను. ఆ ఱాయి నేడు బెంగుళూరు ప్రభుత్వ మ్యూజియమున నున్నది. వేయి సంవత్సరములకు ముందు కరవుసీమ సరిహద్దున ఒక కుక్కపేర నేల కేటాయింపబడినప్పుడు, మన పెరటిలో మూడడుగుల చోటు కేటాయించుట వింత యెట్లగును?

ఇక ఏర్పాట్ల సంగతి. నిర్ణయింపవలసినవి అయిదు: పద్ధతి, చోటు, మనిషి, బండి, ఖర్చు. కుక్కకు పదియేండ్లు దాటిన యేడు వీనిని తలపెట్టుట యుక్తము. పెద్దజాతి కుక్కల కాయువు తక్కువ. ఎనిమిదవ యేటనే తలపెట్టవలెను. వెనుకకాళ్లు బలహీనపడుట, మెట్లెక్కలేకుండుట, ఇష్టమైన తిండిని వాసనచూచి విడుచుట, చీకటిమూలను వెదకి పండుకొనుట గమనించినచో జాగు చేయరాదు.

పద్ధతులలో మొదటిది దహనము. చాలమంది మనసు దీనిమీదనే యుండును; కాని మన సీమలో చితి పేర్చుట కన్నంత సులభముగాదు. ఇరువది కిలోల జంతువు పూర్తిగ కాలవలెనన్న దాని తూకమునకు పెక్కురెట్లు ఎండుకట్టె కావలెను. మనకు చేతికందునది సర్కారుతుమ్మ, అనగా మనము కంపచెట్టందుమే, అది. ఆ కట్టె గట్టిది. మంచి వేడి నిచ్చును. బొగ్గుకు వాడునదియు నదే. కాని పచ్చికట్టె పనికిరాదు. ముందుగా కొట్టించి, ముక్కలుచేసి, వాన తగులని చోట నాఱబెట్టవలెను. అందుచే దహనము కోరువారు కొన్ని నెలలకు ముందే కట్టెను కూడబెట్టవలెను. ఆ ముందుచూపు లేనివారు పెట్రోలు పోసి, పాత టైర్లు వేసి కాల్చుచున్నారు. పెట్రోలు పైపైన మండి యాఱును. సగము కాలిన కళేబరము మిగులును. అది పాఱవేసినదానికంటె హీనము. టైర్ల పొగ విషము. అది పీల్చినవారికి చేటు. వేసవిలో చేలగట్ల గడ్డియు, వేరుశనగకట్టె వాములును ఎండి నిప్పుకై కాచుకొనియుండును. కావున చితికి చుట్టును గడ్డి చెక్కించిన బయలు, దగ్గఱ నీటికడవలు, తుదిదాక నిలిచి చూచు మనుష్యు లిద్దఱు ఉండవలెను. ఊరి శ్మశానమున చేయదలచినచో గ్రామపెద్దల యనుమతిని ముందే యడిగియుంచుట మంచిది. చనిపోయిననాడు తగవులాడుట శోభింపదు.

రెండవది నగరములందలి జంతుదహనశాల. బెంగుళూరున సుమనహళ్లియందు జంతుదహనశాల కలదు. కెంగేరి చెంత పీపుల్ ఫర్ ఆనిమల్స్ సంస్థవారి ఆవరణమున పెంపుడు జంతువుల శ్మశానవాటిక కలదు. హైదరాబాదున నాగోలు సమీపమందలి ఫతుల్లగూడలో పెంపుడు జంతువుల దహనశాల వెలసినది. హిందూపురమువారికి బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లు. అనంతపురమువారికి 200 దాటును. హైదరాబాదు 350కి పైమాటయే. ఈ దూరమును వేసవిపగటివేళ దాటుట తగదు. పోదలచినవారు ముందే మూడుసంగతులు విచారించి వ్రాసికొనవలెను. ఏ గంటలలో తీసికొందురు? యంత్రము మరమ్మతులో నున్నచో వేఱేమి చేయుదురు? మన కుక్క నొక్కదానినే దహింతురా, పెక్కింటితో గలిపి దహింతురా? అస్థిభస్మము కావలెనన్న ఈ మూడవప్రశ్న ముఖ్యము. కలిపి దహించినచో తిరిగివచ్చు భస్మము మన కుక్కదని చెప్పుటకు వీలులేదు. ఆ యంత్రములలో ఎనిమిదివందల డిగ్రీలకు పైబడిన వేడిమి యుండును. గంట రెండుగంటలలో కార్యము ముగియును. మిగులు భస్మము జంతువు తూకములో నూటికి మూడు నాలుగు పాళ్లు, అనగా పాతిక కిలోల కుక్కకు కిలోకు అటునిటు.

ఆ భస్మమును చెట్టుమొదట పోయుట పలువురు కోరుదురు. కోరిక మంచిదే; కాని భస్మములో ఉప్పును క్షారమును అధికము. లేతమొక్క వేళ్లమీద కుప్పగ పోసినచో మొక్క చచ్చును. పెక్కుపాళ్ల మట్టియు, మాగిన పెంటయెరువును గలిపి, వేళ్లకు దూరముగ చల్లవలెను.

కళేబరదహనమునకు యంత్రములు నెలకొల్పు భారము స్థానికసంస్థలదని 2001లో వెలువడిన వీథికుక్కల సంతాననియంత్రణ నియమములలోనే చెప్పబడినది. ఆ నియమముల స్థానమున 2023లో క్రొత్తవి వచ్చినవి. పురపాలకసంఘముల పెద్దలను ఈ విషయమై అడుగుట పౌరుల హక్కు. పట్టణమునకొక దహనయంత్ర మున్నచో వృద్ధులు బెంగుళూరుదాక పోవలసిన పనిలేదు. కాని అది వచ్చుదాక మన కుక్క ఆగదు.

అందుచే మూడవదియైన ఖననమును మన సీమలో పెక్కుమంది అవలంబింపవలసియుండును. దహనము చేయలేకపోతిమని చింతిల్ల నక్కఱలేదు. మన యూళ్లలో మనుష్యులను పాతు కులములు, సంప్రదాయములు ఎన్నియో కలవు. మన్ను నిప్పుకంటె తక్కువది గాదు. కాని చక్కగ పాతవలెను. చోటు సొంతనేలలో మెఱకగ నుండవలెను. బావికి, బోరుకు, వంకకు నూఱడుగులకు తక్కువ గాని యెడ ముండవలెను. మన ఱాయి పగుళ్లతో నుండుటచే ఇంకను దూరమైన మేలు. మధ్యరకపు కుక్కకు మూడడుగుల నిడివి, రెండున్నర యడుగుల వెడల్పు, నాలుగడుగుల లోతు గల గుంత చాలును. పైన మూడడుగుల మన్నుండవలెను. తక్కువైన నక్కలును కుక్కలును త్రవ్వును.

ఈ గుంత విషయముననే ముందుచూపు ఫలించును. వానపదునున్న నేలలో ఒక్కపూటలో ముగియు పని, మే నెల గరుసులో గడ్డపాఱ దిగక దినమంతయు పట్టును. కావున కుక్క ముదిసిన యేడు, సెప్టెంబరు అక్టోబరు వానలు పడిన తర్వాత, కూలిమనుష్యులచే గుంత త్రవ్వించి, త్రవ్విన మన్నునే మరల దానిలో వదులుగ పోయించి యుంచవలెను. పైన ఒక తాడిపత్రి బండను గుఱుతుగ నుంచినచో చాలును. ఇట్లు చేసిన పిల్లలుగాని దూడలుగాని పడుదురను భయము లేదు; అవసరమైననాడు వదులుమన్ను గంటలో తీయవచ్చును. "బ్రతికియుండగనే గుంత త్రవ్వుట అశుభము గాదా?" అని యింటి ఆడువారు అడుగుదురు. మొక్క పాతుటకు గుంత నెలలముందే త్రవ్వియుంచుట మన రైతులకు వాడుకయే. దీనిని వేపమొక్క గుంత యని చెప్పుకొనుడు. అది అబద్ధముగాదు, తుదకు దానిపై పెరుగవలసినది వేపయే.

గుంతలో సున్నము చల్లుట ఆచారముగ నున్నది. సున్నము దుర్వాసనను కొంత అణచును గాని, శరీరము మన్నులో కలియుటను త్వరపెట్టక ఆలస్యము చేయునని పరిశోధనలవలన తేలినది. కావున కుప్పలుగ పోయ నక్కఱలేదు. శరీరమును నూలుగుడ్డలో చుట్టవలెను. ప్లాస్టిక్కు సంచిలో పాతరాదు. పూడ్చిన పిదప పైన కంపకొట్టి, దానిపై ఱాళ్లు పేర్చవలెను. మన సీమలో చేనికి దడి కట్టు విద్య అందఱకు తెలిసినదే. అదే యిచ్చటను కాపు.

ఇక చనిపోయిన గంటలలో చేయవలసినది. వైద్యుడు చెంత లేనిచో, శ్వాస, గుండెచప్పుడు ఆగినవని నిదానముగ నిశ్చయించుకొనవలెను. కన్నులు తెఱచియే యుండవచ్చును. దానికి భయపడ వలదు. కొన్నిగంటలలో శరీరము కొయ్యబాఱును గనుక, ముందే కాళ్లను నెమ్మదిగ మడిచి, పండుకొన్న తీరున నుంచవలెను. అట్లుంచనిచో గుంత చాలదు, బండి చాలదు. మలమూత్రములు వెలువడును, క్రింద గోనెపట్టగాని పాతదుప్పటిగాని పఱచవలెను. పిడుదులు శరీరమును విడిచి ప్రాకును గనుక పిల్లలను ఒడిలో పెట్టుకొని కూర్చుండ నీయరాదు. నలువది డిగ్రీల యెండలో ఆలస్యమునకు చోటు లేదు. నీడలో, మంచుగడ్డలు చుట్టును పేర్చి, ఆ పూటనే కార్యము ముగింపవలెను. దూరము పోవలసినవారు రాత్రివేళ బయలుదేరవలెను. ఇందుకై బండివానితో ముందే మాటాడి యుంచుట మఱవరాదు. చచ్చిన కుక్కను ఎక్కించుకొనుటకు అందఱును ఒప్పరు.

రెండు హెచ్చరికలు ప్రత్యేకముగ చేయుచున్నాను. మొదటిది పిచ్చిరోగమును గూర్చినది. కుక్క చావుకు ముందు నడత మాఱి, చొంగకార్చుచు, మ్రింగలేక, ఎవరినైన కఱచి చనిపోయినచో ముట్టరాదు. పశువైద్యునికి వెంటనే తెలుపవలెను. కఱువబడినవారును, లాలాజలము గాయమునకు తగిలినవారును సబ్బుతో పదునైదునిమిషములు కడిగికొని, జాగుచేయక ఆసుపత్రికి పోయి సూదిమందు వేయించుకొనవలెను. రెండవది, తీరని బాధలో నున్న కుక్కకు పశువైద్యునిచే సుఖమరణము కలిగించువారిని గూర్చినది. అందులకు వాడు పెంటోబార్బిటాలువంటి మందు కళేబరమున చాలకాలము చెడక నిలుచును. దానిని తిన్న పక్షియు, నక్కయు, కుక్కయు చచ్చును. అట్టి శరీరమును పైపైన పాతుట పాపము. తప్పక లోతుగ పాతవలెను, లేదా పూర్తిగ దహింపవలెను. వైద్యుని పిలుచుటకు ముందే గుంతయో చితియో సిద్ధముగ నుండవలెను. ఒకమందు వలన రాబందులను పోగొట్టుకొన్న మనకు ఇది మఱల చెప్పవలసిన పనిలేదు.

ఖర్చు మాట. కూలి, కట్టె, బండి, ఏ పద్ధతి కెంత యగునో ముందే విచారించి, ఇంటివారందఱు గూడి నిర్ణయింపవలెను. పేదయిల్లు అప్పుచేసి నగరమునకు పోవలసిన పనిలేదు. కుక్క గౌరవము రూకలలో లేదు. పెరటి వేపక్రింద నాలుగడుగుల లోతున, గుడ్డలో చుట్టి, ఇంటివారిచేత మన్ను వేయబడిన కుక్కకు లోపమేమియు లేదు. బెంగుళూరుననున్న కొడుకులారా, మీకొక మనవి. ఈసారి పండుగకు ఊరికి వచ్చినప్పుడు తల్లిదండ్రులను మెల్లగ నడుగుడు: "నాయనా, ముసలిదానికి ఏదైన నైనచో ఏమి చేయుదుము?" అని. వానపదునుండగా గుంత మీ చేతులతోనే త్రవ్విపోవుడు. పొరుగింటి యువకునొకనితో మాటాడి, పిలిచిన వచ్చునట్లు చేయుడు. ఆతని సెల్ఫోను సంఖ్యను గోడమీద పెద్దయక్షరములతో వ్రాయుడు. మీరు వేయిరూపాయలు పంపుటకంటె ఆ వృద్ధులకు అది యెక్కువ మేలు.

పిల్లలకు నిజమును చెప్పుడు. "ఎక్కడికో పోయినది, తిరిగి వచ్చును" అని మభ్యపెట్టిన పిల్ల దినదినమును గడపలో నెదురుచూచును. కుక్క ముసలిదైనదని, కొన్నాళ్లకు పోవునని, పోయిననాడు ఇచ్చట పాతుదుమని ముందే చెప్పినచో, ఆ పిల్ల ఆ కొన్నాళ్లును దానిని ప్రేమతో చూచుకొనును. ముందుగా ఏర్పాటు చేయుటవలన లాభము చావునాటిది మాత్రమే కాదు. చోటు నిర్ణయమైన యింట, మనిషి నిర్ణయమైన యింట దిగులుకు పనిలేదు. మిగిలిన దినములు కుక్కకే చెందును. మెత్తని గోనె, మెత్తగ కలిపిన అన్నము, నీడలో నీటిమూకుడు, ఇవి చూచుటకు మనసు తీఱికగ నుండును.

శ్రోతలారా! వానలు మన చేతిలో లేవు. ఱాతినేల మన చేతిలో లేదు. కుక్క ఆయువును మన చేతిలో లేదు. ఒక గుంత, కొంత ఎండుకట్టె, ఒక మాట యిచ్చిన పొరుగువాడు, ఇవి మన చేతిలో నున్నవి. ఈ వారములోనే మీ యింటి ముసలికుక్కను ఒకసారి పరికించి, చోటును చూచి యుంచుడు. అటు పిమ్మట దానిని గూర్చి తలంపక, దానికి అన్నము పెట్టుడు.